బహిరంగ వాయు కాలుష్యం: కొలతకు ప్రభుత్వం ఆమోదించిన పద్ధతులు, డోర్నకల్ ప్రాంతానికి వాటి అన్వయం

గాలిలో ధూళి ఎంత ఉన్నదనే ప్రశ్నకు జవాబుగా వచ్చే అంకెకు చట్టం దృష్టిలో విలువ ఉండాలంటే, ఆ అంకెను ప్రభుత్వం ఆమోదించిన పద్ధతిలో రాబట్టి ఉండాలి. కంటికి కనిపించే పొగ, కిటికీ రెక్కల మీద పేరుకున్న మసి ఫిర్యాదుకు కారణం కావచ్చును గాని, ప్రమాణం మీరిందని నిర్ధారించడానికి అవి చాలవు. మన దేశంలో ఈ పద్ధతులను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 నవంబరు 18న ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల పట్టికలోనే పొందుపరచడం జరిగింది. ఏ కాలుష్య కారకం ఎంత మేరకు ఉండవచ్చునో ఒక గడిలోనూ, దానిని ఏ విధంగా కొలవాలో చివరి గడిలోనూ ఉంటాయి. సాధారణంగా చర్చ అంతా మొదటి గడి గురించే సాగుతుంది. వివాదం వచ్చినప్పుడు మాత్రం తీర్పు చెప్పేది చివరి గడి.

బొగ్గు రవాణా మార్గంలో ఉన్న డోర్నకల్ వంటి పట్టణాలకు ఈ విషయం ప్రత్యేకించి వర్తిస్తుంది.

కూడలి పట్టణం

మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, కాజీపేట - విజయవాడ ప్రధాన రైలు మార్గంపై ఉన్న జంక్షన్. ఇక్కడి నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం, మణుగూరు వైపు శాఖా మార్గం చీలుతుంది. కొత్తగూడెం పట్టణానికి ఉన్న రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అన్న సంగతి విదితమే. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1880 దశకంలో నిజాం రాజ్యపు రైలు మార్గం ఈ దిక్కుకు రావడానికీ, డోర్నకల్ కూడలిగా మారడానికీ ఆ బొగ్గే ముఖ్య కారణం. నాడు సింగరేణి గ్రామం పేరుతో మొదలైన గనుల సంస్థ నేడు సింగరేణి కాలరీస్‌గా గోదావరి లోయ అంతటా విస్తరించింది. డోర్నకల్ 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు వచ్చింది. 2018లో పురపాలక సంఘమైంది.

ఆవిరి ఇంజన్ల కాలం నాటి పొగ ఇప్పుడు లేదు. అయితే బొగ్గు వ్యాగన్ల రాకపోకలు, రహదారి దుమ్ము, వాహనాల పొగ, చుట్టుపక్కల పత్తి, మిరప, వరి సాగు తరువాత కాల్చే పంట వ్యర్థాలు, చెత్త కుప్పల మంటలు, కట్టెల పొయ్యిలు ఉన్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ వేరువేరు పరిమాణం గల కణాలను గాలిలోకి వదులుతుంది. బొగ్గు పొడి, రోడ్డు దుమ్ము ఎక్కువగా ముతక కణాలు. మంటల నుంచి వెలువడేవి అతి సన్నని కణాలు. కనుక ఏ కొలత చేస్తున్నారన్నది ముందుగా తేల్చుకోకపోతే, దుమ్ము ఎక్కువగా ఉన్న చోట సన్నని కణాలను మాత్రమే కొలిచి గాలి బాగున్నదని చెప్పడానికీ, పొగ ఎక్కువగా ఉన్న చోట ముతక కణాల లెక్క చూపి సరిపెట్టడానికీ అవకాశం ఉంటుంది.

ప్రమాణాల క్రమ వికాసం

వాయు (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం 1981లో అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 16వ సెక్షన్ గాలి నాణ్యతకు ప్రమాణాలను నిర్దేశించే అధికారాన్ని కేంద్ర మండలికి ఇచ్చింది. తొలి ప్రమాణాలను 1982లో ఆమోదించగా, 1994లో వాటిని సవరించారు. 1994 నాటి పట్టికలో పారిశ్రామిక ప్రాంతాలకు ఒక పరిమితి, నివాస, గ్రామీణ ప్రాంతాలకు మరొకటి, సున్నిత ప్రాంతాలకు ఇంకొకటి ఉండేవి. గాలిలో తేలియాడే మొత్తం ధూళికి సంవత్సర సగటున పారిశ్రామిక ప్రాంతంలో ఘనపు మీటరుకు 360 మైక్రోగ్రాములు, నివాస ప్రాంతంలో 140 మైక్రోగ్రాములు అనుమతించేవారు. అంటే ఒకే గాలి పీల్చే ఇద్దరిలో గని పక్కన ఉన్నవారికి రెండున్నర రెట్ల దుమ్ము చట్టబద్ధమే అయ్యేది.

2009 ప్రకటన ఈ తేడాను తొలగించింది. ఇప్పుడు పారిశ్రామిక, నివాస, గ్రామీణ ప్రాంతాలన్నిటికీ ఒకే ప్రమాణం. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన పర్యావరణ సున్నిత ప్రాంతాలకు మాత్రం సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ విషయంలో వార్షిక పరిమితి మరింత కఠినంగా ఉంది. మొత్తం ధూళి అనే పాత కొలతను పట్టిక నుంచి తీసివేసి, 10 మైక్రాన్ల లోపు కణాలతో పాటు 2.5 మైక్రాన్ల లోపు కణాలను, అనగా పి.ఎం.10, పి.ఎం.2.5లను చేర్చారు. పి.ఎం.10కు 24 గంటల సగటు 100 మైక్రోగ్రాములు, వార్షిక సగటు 60. పి.ఎం.2.5కు ఇవి వరుసగా 60, 40. ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్‌తో కలిపి మొత్తం 12 కాలుష్య కారకాలకు పరిమితులు ఏర్పడ్డాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన మార్గదర్శకాలలో పి.ఎం.2.5 వార్షిక సగటు 5 మైక్రోగ్రాములే. మన ప్రమాణం దానికి 8 రెట్లు. ఇది సలహా పూర్వకమైన అంకె గాని మన దేశంలో అమలు చేయదగిన ప్రమాణం కాదు. అయినప్పటికీ, ప్రమాణానికి లోబడి ఉన్న గాలి ఆరోగ్యానికి హాని చేయదని అర్థం చేసుకోరాదని ఈ వ్యత్యాసం తెలుపుతున్నది.

వార్షిక సగటును లెక్కించే విధానాన్ని సైతం ఆ ప్రకటనే చెప్పింది. ఒక స్థలంలో వారానికి రెండు రోజులు, సమాన వ్యవధిలో, ఒక్కొక్కసారి 24 గంటల పాటు, సంవత్సరంలో కనీసం 104 కొలతలు తీయాలి. రోజువారీ, గంటల వారీ పరిమితులు సంవత్సరంలో 98 శాతం సమయం అమలు కావాలి. మిగిలిన 2 శాతంలో మించవచ్చును గాని వరుసగా రెండు రోజులు మించరాదు. కొలత జరిపిన రెండు వరుస రోజులలో పరిమితి దాటితే, ఆ చోట క్రమబద్ధమైన లేదా నిరంతర పర్యవేక్షణకూ తదుపరి విచారణకూ అది తగిన కారణమని ప్రకటన అడుగున ఉన్న గమనిక స్పష్టం చేస్తున్నది. చిన్న పట్టణాల వారు ఎక్కువగా గుర్తుంచుకోవలసిన వాక్యం ఇదే. శాశ్వత కేంద్రం లేని చోట తాత్కాలికంగా జరిపిన కొలత కూడా పద్ధతి ప్రకారం జరిగితే తదుపరి చర్యకు ఆధారమవుతుంది.

ధూళిని తూచే విధానం

పి.ఎం.10, పి.ఎం.2.5 కొలతకు పట్టికలో మూడు పద్ధతులు ఉన్నాయి. మొదటిది తూకం పద్ధతి. రెండవది కంపించే గాజు నాళం కొనపై ధూళి పేరుకున్న కొద్దీ కంపనం మందగించడాన్ని బట్టి బరువును లెక్కగట్టే యంత్రం. మూడవది వడపోత పట్టీపై చేరిన ధూళి గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటకు వస్తున్నాయో చూచే యంత్రం.

తూకం పద్ధతి చూడడానికి సులభం, చేయడానికి కష్టం. ఫిల్టర్ కాగితాన్ని ఉష్ణోగ్రత, తేమ నియంత్రించిన గదిలో 24 గంటలు ఉంచి తూచుతారు. తరువాత దానిని శాంప్లర్‌లో అమర్చి నిర్ణీత వేగంతో గాలిని పీలుస్తారు. తిరిగి అదే గదిలో ఉంచి తూచుతారు. పెరిగిన బరువును లోనికి వెళ్ళిన గాలి ఘనపరిమాణంతో భాగిస్తే అంకె వస్తుంది. పి.ఎం.10కు వాడే సాధారణ శాంప్లర్ నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. 8 గంటలలో 528 ఘనపు మీటర్లు. ఫిల్టర్ బరువు 52.8 మిల్లీగ్రాములు పెరిగితే గాలిలో ధూళి సరిగ్గా 100 మైక్రోగ్రాములని అర్థం. 24 గంటల కొలతకు 8 గంటలకు ఒక ఫిల్టర్ చొప్పున మూడు మారుస్తారు.

పి.ఎం.2.5 దగ్గర పని మరింత సూక్ష్మం. ఈ శాంప్లర్ నిమిషానికి 16.67 లీటర్ల గాలినే పీలుస్తుంది. రోజంతా కలిపి 24 ఘనపు మీటర్లు. ప్రమాణమైన 60 మైక్రోగ్రాముల వద్ద ఫిల్టర్ మీద చేరే ధూళి 1.44 మిల్లీగ్రాములు మాత్రమే. వేలిముద్ర పడినా, తేమ పీల్చుకున్నా లెక్క తప్పుతుంది. గాలి పీల్చే వేగంలో 10 శాతం తేడా ఉంటే, ఫలితంలో కూడా దాదాపు అంతే తేడా వస్తుంది. విద్యుత్ సరఫరా మధ్యలో ఆగిపోతే ఎన్ని గంటలు నడిచిందో నమోదు చేయని కొలత కొలతే కాదు. ఈ కారణాల వల్లనే కేంద్ర మండలి ఆమోదిత పద్ధతుల పేర్లు చెప్పి ఊరుకోకుండా, మానవ సహాయంతో చేసే కొలతలకు ఒకటి, స్వయంచాలిత యంత్రాలకు ఒకటి చొప్పున రెండు సంపుటాల మార్గదర్శకాలను ప్రచురించింది. భారతీయ ప్రమాణాల సంస్థ 5182 సంఖ్య గల ప్రమాణం కూడా భాగాల వారీగా ఇదే పనిని వివరిస్తుంది.

మూడు పద్ధతులూ ఆమోదితాలే అయినా అన్ని వేళలా ఒకే అంకె చూపుతాయని భావించరాదు. కంపన పద్ధతి యంత్రంలో తేమను పోగొట్టడానికి గాలిని వేడి చేస్తారు. ఆ వేడికి అమోనియం నైట్రేట్ వంటి కణాలు ఆవిరై కొలత తగ్గుతుంది. ఐరోపాలో ఒక దశలో ఇటువంటి యంత్రాలు చూపిన పి.ఎం.10 అంకెను 1.3తో గుణించి వాడవలసి వచ్చింది. యంత్రం ఖరీదైనది కనుక సరైనదనే అభిప్రాయం సరి కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

వాయువుల కొలత, ఒక పాత పాఠం

సల్ఫర్ డయాక్సైడ్‌కు మెరుగుపరచిన వెస్ట్ - గేక్ పద్ధతిని, నైట్రోజన్ డయాక్సైడ్‌కు సవరించిన జేకబ్ - హాక్‌హైజర్ పద్ధతిని పట్టిక పేర్కొన్నది. గాలిని గాజు సీసాలోని రసాయన ద్రావణం గుండా బుడగలుగా పంపి, తరువాత ప్రయోగశాలలో మరికొన్ని రసాయనాలు కలిపి, వచ్చిన రంగు ఎంత గాఢంగా ఉన్నదో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూస్తారు. 24 గంటలలో 4 గంటలకు ఒకటి చొప్పున 6 నమూనాలు తీస్తారు. స్వయంచాలిత కేంద్రాలలో మొదటి వాయువుకు అతినీలలోహిత కిరణాల ఫ్లోరసెన్స్, రెండవ దానికి రసాయన కాంతి పద్ధతి వాడతారు.

పట్టికలో ‘సవరించిన’ అనే మాట ఊరకే చేరలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971లో నైట్రోజన్ డయాక్సైడ్‌కు ప్రమాణం ప్రకటించినప్పుడు జేకబ్స్, హాక్‌హైజర్ 1958లో ప్రచురించిన విధానం ఆధారంగా ఉన్న పద్ధతిని ప్రామాణికంగా స్వీకరించింది. అనంతరం జరిపిన పరిశీలనలో ఆ ద్రావణం వాయువును అన్ని వేళలా ఒకే నిష్పత్తిలో పట్టుకోవడం లేదని, గాలిలో వాయువు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ భాగాన్ని, ఎక్కువగా ఉన్నప్పుడు తక్కువ భాగాన్ని గ్రహిస్తున్నదని తేలింది. ఫలితంగా 1973లో ఆ పద్ధతిని ఉపసంహరించుకునే చర్య చేపట్టారు. దాని ఆధారంగా తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా వర్గీకరించిన అనేక ప్రాంతాల విషయాన్ని తిరిగి పరిశీలించవలసి వచ్చింది. ద్రావణానికి సోడియం ఆర్సెనైట్ చేర్చిన తరువాత లోపం చాలా వరకు తొలగింది. మన పట్టికలో ఉన్నది ఈ సవరించిన రూపమే. రసాయన కాంతి పద్ధతి 1976లో అమెరికాలో ప్రామాణిక పద్ధతి అయింది.

యంత్రానికి ఆమోదం ఎవరిస్తారు?

పద్ధతిని ఆమోదించడం వేరు, ఆ పద్ధతిలో పనిచేస్తుందని చెప్పుకునే యంత్రాన్ని ఆమోదించడం వేరు. అమెరికాలో 1975 నుంచి ఈ రెండవ పనికి ప్రత్యేక నియమావళి ఉంది. తయారీదారు తన యంత్రాన్ని ప్రామాణిక పద్ధతి పక్కన నిలిపి, వేరువేరు పరిస్థితులలో పరీక్షించి, ఫలితాలను సమర్పించాలి. నిర్ణీత తేడాకు లోబడి ఉంటే ఆ యంత్రాన్ని పేరు, నమూనా సంఖ్యతో సహా ప్రామాణిక పద్ధతిగానో, సమానమైన పద్ధతిగానో ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటిస్తారు. ఏ ఫిల్టర్‌తో, ఏ అమరికలతో, ఏ ఉష్ణోగ్రతల మధ్య నడిపితే ఆ గుర్తింపు వర్తిస్తుందో కూడా అందులోనే ఉంటుంది. అమరిక మార్చితే గుర్తింపు పోతుంది. ఐరోపా సమాజంలోనూ ప్రామాణిక పద్ధతికి సమానమని నిరూపించుకునే విధానం అమలులో ఉంది.

మన దేశంలో చాలా కాలం పాటు నిరంతర పర్యవేక్షణ కేంద్రాలకు కొనుగోలు చేసే యంత్రాలకు ఈ విదేశీ ధ్రువపత్రాలనే ఆధారంగా తీసుకున్నారు. చలి దేశాల వాతావరణంలో పరీక్షకు నిలిచిన యంత్రం మే నెలలో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల ఎండకు, ఆగస్టులో తేమకు, ఇక్కడి ముతక దుమ్ముకు ఏ మేరకు నిలుస్తుందనే ప్రశ్న సహజంగానే వచ్చింది. 2019లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలను ఉద్గారాలు, పరిసర వాయువు కొలిచే పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చే జాతీయ సంస్థగా నియమించింది. ఆ ప్రయోగశాల ఆవరణలో జాతీయ పర్యావరణ ప్రమాణాల ప్రయోగశాలకు 2021 జనవరి 4న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మీటరు, కిలోగ్రాముల ప్రమాణాలను కాపాడే సంస్థకే గాలి కొలిచే యంత్రాల ప్రమాణాలను అప్పగించడం సముచితం.

కొలిచే ప్రయోగశాలకు కూడా గుర్తింపు ఉండాలి. 1986 నాటి పర్యావరణ (పరిరక్షణ) చట్టం 12వ సెక్షన్ కింద ప్రభుత్వం ప్రయోగశాలలను గుర్తిస్తుంది. 13వ సెక్షన్ కింద విశ్లేషకులను నియమిస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. పైన చెప్పినదంతా ఊరి గాలికి సంబంధించినది. ఒక కర్మాగారం పొగగొట్టం నుంచి నమూనా తీసి దానిపై చర్య తీసుకోవాలంటే వాయు చట్టం 26వ సెక్షన్ ప్రకారం నిర్వాహకునికి నోటీసు ఇవ్వడం, అతని సమక్షంలో నమూనా తీయడం, సీలు వేసి సంతకాలు చేయడం, ప్రయోగశాలకు పంపడం జరగాలి. ఈ క్రమం పాటించని విశ్లేషణ ఫలితం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదని ఆ సెక్షన్‌లోనే ఉంది.

యంత్రాన్ని ఎక్కడ నిలపాలి?

ఆమోదిత యంత్రాన్ని తప్పు చోట పెడితే వచ్చేది తప్పు అంకే. కేంద్ర మండలి 2003 మార్గదర్శకాల ప్రకారం గాలి పీల్చే ద్వారం నేల నుంచి 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలి. చెట్లకు 20 మీటర్లకు మించిన దూరం పాటించాలి. పక్కన ఉన్న కట్టడం యంత్రం కంటే ఎంత ఎత్తు ఉంటే దానికి రెండింతల దూరంలో నిలపాలి. నాలుగు దిక్కులలో కనీసం మూడింటి నుంచి గాలి ధారాళంగా రావాలి. సమీపంలో కొలిమి, బట్టీ పొగ ఉండరాదు.

డోర్నకల్‌కు అన్వయించి చూస్తే, రైల్వే యార్డును ఆనుకుని ఉంచిన శాంప్లర్ పట్టణ గాలిని గాక యార్డు గాలిని చూపుతుంది. ఊరి చివర పొలాల మధ్య ఉంచితే కూడలిలో నివసించే వారు పీల్చే గాలి అందులోకి రాదు. రెండూ పనికిరావని కాదు. ఏది దేనికోసమో నివేదికలో స్పష్టంగా ఉండాలి. గాలి వీచే దిశ ఋతువును బట్టి మారుతుంది కనుక, వానకాలంలో నైరుతి నుంచి, చలికాలంలో ఎక్కువగా ఈశాన్యం నుంచి వచ్చే గాలికి యంత్రం ఏ వైపున ఉన్నదో కూడా చూడవలసి ఉంటుంది. వర్షాకాలంలో ధూళి కడిగివేయబడి అంకెలు తగ్గుతాయి. ఆ నెలల కొలతను సంవత్సరానికి ప్రతినిధిగా చూపరాదు.

దేశంలో జాతీయ వాయు పర్యవేక్షణ కార్యక్రమం 1984-85లో ఆగ్రా, అన్పరాలలో 7 కేంద్రాలతో మొదలైంది. తెలంగాణలో ఈ కార్యక్రమం కింద వరంగల్, ఖమ్మం వంటి పట్టణాలలో మానవ సహాయంతో నమూనాలు తీస్తున్నారు. నిమిష నిమిషానికీ సమాచారం ఇచ్చే నిరంతర కేంద్రాలు హైదరాబాద్‌లోని సనత్‌నగర్, జూపార్క్, సోమాజిగూడ, పటాన్‌చెరు సమీపంలోని ఇక్రిశాట్, పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల, అంటే రాజధాని చుట్టుపక్కలనే కేంద్రీకృతమై ఉన్నాయి. రాష్ట్రంలో 2019 జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోకి వచ్చినవి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. కొలత ఉన్న చోటనే ప్రమాణం మీరినట్లు తెలుస్తుంది, తెలిసిన చోటికే నిధులు వెళతాయి. కొలత లేని పట్టణం ఈ జాబితాలలో కనిపించకపోవడాన్ని అక్కడి గాలి శుభ్రతకు నిదర్శనంగా తీసుకోరాదు.

ఫోనులో కనిపించే అంకె

నేడు సెల్‌ఫోను అప్లికేషన్లలో ఏ ఊరి పేరు టైపు చేసినా గాలి నాణ్యత సూచీ ఒకటి కనిపిస్తుంది. సమీపంలో యంత్రం లేని ఊరికి ఆ అంకె ఉపగ్రహ సమాచారం, వాతావరణ నమూనాల నుంచి గణించి ఇచ్చిన అంచనా. అంచనాగా దానికి ఉపయోగం ఉన్నా, కొలతగా ఉపయోగం లేదు. పైగా సూచీ దేశానికొక తీరుగా ఉంటుంది. 2015 ఏప్రిల్ 6న ప్రారంభమైన మన జాతీయ సూచీలో పి.ఎం.2.5 60 మైక్రోగ్రాములుంటే సూచీ 100, ‘సంతృప్తికరం’ వర్గానికి పై అంచు. అదే గాలికి అమెరికా సూచీ 150 దాటి ‘అనారోగ్యకరం’ అని చూపుతుంది. అప్లికేషన్ ఏ సూచీని వాడుతున్నదో చూడకుండా ఊరూరినీ పోల్చడం వల్ల అనవసరమైన ఆందోళన గాని, అనవసరమైన నిశ్చింత గాని కలుగుతుంది.

కొన్ని వేల రూపాయలకే దొరికే చిన్న సెన్సర్లు కణాలపై పడి చెదిరే కాంతిని బట్టి ధూళిని అంచనా వేస్తాయి. 2009 పట్టికలో ధూళికి పేర్కొన్న మూడు పద్ధతులలో ఇది లేదు. పొగమంచు ఉన్న ఉదయాలలో నీటి తుంపరలనే ధూళిగా లెక్కించి ఎక్కువ చూపడం, ముతక దుమ్మును సరిగా పట్టలేకపోవడం వీటి ప్రసిద్ధ లోపాలు. బొగ్గు పొడి వంటి ముతక కణాల విషయంలో రెండవ లోపం ముఖ్యం. అయితే ఏ వీధిలో, ఏ వేళలో కాలుష్యం పెరుగుతున్నదో తెలుసుకోవడానికి, ఆమోదిత యంత్రాన్ని ఎక్కడ పెట్టమని కోరాలో నిర్ణయించుకోవడానికి ఇవి పనికివస్తాయి. పాఠశాలలు, స్వచ్ఛంద సంస్థలు వీటిని వాడదలిస్తే కొన్ని రోజుల పాటు ఆమోదిత యంత్రం పక్కన ఉంచి రెండు అంకెలనూ సరిపోల్చుకోవడం మంచిది.

ప్రజాభిప్రాయ సేకరణలో ఈ పట్టిక

సామాన్య పౌరునికి ఆమోదిత పద్ధతుల పట్టిక నేరుగా ఉపయోగపడే సందర్భం ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం పెద్ద గనులు, విద్యుత్ కేంద్రాలు తదితర ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చే ముందు ఆ ప్రాంతపు గాలి ప్రస్తుత స్థితిని కొలిచి నివేదికలో చూపాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ప్రజలు చదివి స్పందించడానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు ప్రాంతాల గనుల ప్రతిపాదనలలో డోర్నకల్ వైపు రవాణా మార్గం ప్రస్తావన వచ్చినప్పుడు, గాలి నాణ్యత అధ్యాయంలో ప్రతి అంకె పక్కన పద్ధతి పేరు, యంత్రం, ప్రయోగశాల గుర్తింపు, నమూనా తీసిన తేదీలు, స్థలం ఉన్నవో లేవో ఎవరైనా చూడవచ్చు. లేకపోతే ఆ విషయాన్ని సభలో లిఖితపూర్వకంగా నమోదు చేయించవచ్చు. సభలో వ్యక్తమైన అభిప్రాయాలనూ అభ్యంతరాలనూ కార్యవాహిలో నమోదు చేసి చదివి వినిపించడం నిర్వాహకుల విధి.

ఫిల్టర్ తూకాల రిజిస్టరు, గాలి వేగం నమోదులు, యంత్రం క్రమాంకన పత్రాలు కాలుష్య నియంత్రణ మండలి వద్ద ఉన్నప్పుడు, 2005 సమాచార హక్కు చట్టం కింద వాటి ప్రతులను కోరవచ్చు. తుది అంకెను మాత్రమే గాక, దానికి ముందున్న రెండు తూకాలను, ఎన్ని గంటలు యంత్రం నడిచిందో కూడా దరఖాస్తులో అడగాలి. ఆ మూడూ చేతికి వస్తే, లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం తిరిగి చేసి చూడగలడు.